పఠనాలయ మున్నది, తాలింఖానా యేది?

జనగామలో గాని, మానుకోటలో గాని, భూపాలపల్లిలో గాని ఉదయమున పఠనాలయమునకు పోయి చూచినవారికి ఒక దృశ్యము కనబడును. పత్రికలు రాకముందే పెద్దమనుష్యులు వచ్చి కూర్చుందురు. ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకులు గోడవార కుర్చీల నాక్రమింతురు. రాజకీయములు, పత్తి ధర, మిరప ధర - అన్నిటిపై చర్చ సాగును. ఇందు దోషమేమియు లేదు. మాకును అట్టి బల్లల యొద్దనే లోకజ్ఞానము గలిగినది. కాని, సభ చాలించి లేచునపుడు చూడుడు. ఒకరు మోకాలిపై చేయి యానించి, ఒకరు బల్ల యంచు పట్టుకొని, ఒకరు నడుము నొత్తుకొనుచు లేతురు. వీరిలో అరువది దాటినవారు కొందరే. తక్కినవారు నలువది, ఏబది యేండ్లవారు. పాతికేండ్ల యభ్యర్థియు మెడ పట్టినదని తల త్రిప్పలేక తిరుగుచుండును. మొన్న నొక శుభకార్యమున పీటపై కూర్చుండి భోజనము చేసి లేచునపుడు మాకే ప్రక్కవాని భుజము ఆసరా కావలసివచ్చెను. నలుగురును నవ్విరి, మేమును నవ్వితిమి. నవ్వి యూరకుండ వీలుకానందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ స్థితి మొదటినుండి యున్నది కాదు. నిజాము రాజ్యములో తెలుగువారి మేలుకొలుపు పుస్తకముతో మొదలయ్యెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. పిదప పఠనాలయములు పట్టణముల దాటి పల్లెలకు ప్రాకినవి. వాని సరసనే వ్యాయామశాలలు, తాలింఖానాలు నడచినవి. సర్కారు రెంటిని ఒకే కంట చూచెను. సభ జరుపుటకు అనుమతి కావలెను. ఖానగీ పాఠశాల పెట్టుటకు అనుమతి కావలెను. తాలింఖానా తెరచుటకును అనుమతి కావలెను. ఆర్యసమాజము 1938-39లో సాగించిన సత్యాగ్రహమునకు కారణములైన ఫిర్యాదులలో తాలింఖానాలపై గల నిర్బంధమును ఒకటి. నాలుగు దండీలు, నాలుగు బస్కీలు తీయు కుఱ్ఱవారిని చూచి రాజ్యము భయపడుట వింతగా తోచవచ్చును. కాని ఆ పాలకులు తెలివితక్కువవారు కారు. చదివిన తలయు, వంగని వెన్నును ఒకచోట చేరినచో ఏమగునో వారెరుగుదురు.

స్వరాజ్యము వచ్చినది. పఠనాలయమునకు చట్టము వచ్చినది. మొదట 1955లో హైదరాబాదు రాష్ట్రమున, పిదప 1960లో ఆంధ్రప్రదేశమున. ఆ చట్టము చలువవలననే నేటికిని మనము కట్టు ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా జేరుచున్నవి. తాలింఖానా కట్టి చట్టము రాలేదు, సెస్సు రాలేదు. ఏ ఊరి పాత తాలింఖానా ఎక్కడ నుండెనో చెప్పగల ముసలివారును తగ్గిపోవుచున్నారు. కొన్నిచోట్ల ఆ పేరు పీర్ల పండుగ నాడో, గణపతి నిమజ్జనము నాడో కఱ్ఱసాము చేయువారి నోట వినబడును. మరునాడు మరల మరపు.

మన విద్యావంతులకు వ్యాయామమనగా ఒక దురభిప్రాయము గలదు. అది మల్లుల పని, పోలీసు ఉద్యోగము కోరు కుఱ్ఱవాని పని, పెండ్లి కాకముందటి పని యని వారి తలంపు. ఇందుకు కారణము కొంతవరకు మన వీరపూజయే. వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తినాయుడు గారు రొమ్ముపై ఏనుగు నెక్కించుకొనిరి, ఉక్కు గొలుసులు త్రెంపిరి. లోకము కలియుగ భీముడని కొనియాడెను. కొనియాడుట తగును. అయితే చూచినవారు చప్పట్లు కొట్టి, అది మనవంటివారికి గాదని యిండ్లకు పోయిరి. నిజమునకు వ్యాయామము భీమునికంటె గుమాస్తాకు, కుఱ్ఱవానికంటె అతని తల్లికి ఎక్కువ అవసరము. ఎట్లనగా వినుడు.

ఎముక రాయివంటిదని మనము తలచుచుందుము. అది రాయి కాదు. నిరంతరము కట్టుచు విప్పుచు నుండు ఇల్లు. ఎముకలో విప్పు కణములు కొన్ని, కట్టు కణములు కొన్ని పగలు రేయి పని చేయుచుండును. పెద్దవాని యస్థిపంజరములో ఏటేట సుమారు పదవవంతు ఇట్లు కొత్తదగుచుండును. కట్టువారికి పని చెప్పునది బరువు. మీదబడు భారమునుబట్టి ఎముక తన నిర్మాణమును మార్చుకొనునని జర్మను వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లోనే ప్రకటించెను. బరువే తెలియని అంతరిక్షమునకు పోయిన యాత్రికులకు, తగిన వ్యాయామము లేనిచో, తుంటి యెముకలో నెలకు నూటికి ఒక పాలుకంటె నెక్కువ కరగిపోవుట శాస్త్రజ్ఞులు కనుగొనిరి. టెన్నిసు ఆటగాని బ్యాటు పట్టు చేతి యెముక రెండవ చేతి యెముకకంటె లావుగా నుండును. ముప్పది యేండ్లనాటికి ఎముకలో జేరవలసిన మూలధనము చేరును. అటుపిమ్మట ఖర్చే. స్త్రీలకు ముట్లుడిగిన తరువాతి కొన్నియేండ్లలో ఆ ఖర్చు మిక్కిలి వేగముగ సాగును. కండరమును అంతే, ముప్పది దాటినది మొదలు పదేండ్లకు నూటికి మూడు మొదలు ఎనిమిది పాళ్ల వరకు తగ్గుచు, అరువది దాటిన పిదప మరింత త్వరగా తరుగును. కీలులోని మృదులాస్థి సంగతి ఇంకను విచిత్రము. దానికి రక్తనాళములు లేవు. కాలు మోపినపుడు నొక్కబడి, ఎత్తినపుడు వదలబడి, నీటిలో ముంచి పిండిన గుడ్డవలె కీలులోని ద్రవమును పీల్చి అది పోషణము పొందును. కదలని కీలునకు అన్నము లేదన్నమాట. మోకాలు నొచ్చుచున్నదని మంచము పట్టినవానికి మోకాలు మరింత నొచ్చుట ఇందువలననే.

ఇక్కడ ఒక ప్రశ్న వచ్చును. మా మిత్రులొకరు దానిని ప్రతిసారియు వేయుదురు: "పట్టణమువారికి సరే, పొద్దంత పొలములో వంగి చేయు కూలివారికి వ్యాయామ మెందులకు? వారికున్నంత వ్యాయామము ఎవరికున్నది?" ఈ ప్రశ్న వినుటకు సొంపుగ నుండును. దీనివలన చాల అన్యాయము జరుగుచున్నది గనుక కొంత తీరికగా సమాధానము చెప్పవలసియున్నది.

మానుకోట ప్రాంతమునకు మిరప యేరు దినములలో పోయి చూడుడు. పొద్దు పొడవకముందే ఆటోలలో క్రిక్కిరిసి స్త్రీలు చేలకు పోవుదురు. సాలు వెంబడి వంగియు, గొంతుక్కూర్చుండియు సాయంకాలము వరకు కాయ యేరుదురు. నాట్ల కాలమున నడుము వంచి వెనుకకు అడుగువేయుచు బురదలో గంటలకొలది నాటుదురు. వారి చేతులు, వెన్ను, మోకాళ్లు పనిచేయుచునేయున్నవి, నిజమే. కాని ఒకే వంపులో, ఒకే కండరముపై, విశ్రాంతి లేక, ఆనాటి కూలి కొలతను బట్టి, ఒంటిలోని సత్తువ కొలతను బట్టి గాక సాగు పని అది. వ్యాయామమునకు లక్షణములు వేరు. కీలు పూర్తిగా ముడిచి పూర్తిగా చాపబడవలెను. బరువు కొంచెముగా మొదలై క్రమముగా పెరుగవలెను. నలిగిన కండ మరల కట్టుకొనుటకు ఎడమును అన్నమును దొరకవలెను. వంగినవానికి వెనుకకు వాలు కదలిక, ముడిచినవానికి చాపు కదలిక కావలెను. మిరప యేరు తల్లికి వీనిలో నొకటియు లేదు. సాయంకాలమామె యింటికి వచ్చి, నొప్పి బిళ్ళ మ్రింగి వంట మొదలుపెట్టును. ఆ బిళ్ళ రోజును అలవాటైనచో కడుపులో పుండు చేయును, మూత్రపిండములను చెరచును. నలుబదియైదేండ్లకే మోకాళ్లు వంగిపోయి పక్కలకు ఊగుచు నడచు స్త్రీలు ఈ ప్రాంతమున నెందరో లెక్కించినవా రెవరు? శ్రమించినవారికి వ్యాయామ మక్కరలేదను మాట, వారి నొప్పికి మందు అక్కరలేదనుటకు మర్యాదయైన రూపము.

మన ప్రాంతమునకు ఈ భేదము కొత్తగా చెప్పవలసినది కాదు. ఆనాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకాలో వెట్టి యెట్టిదో పెద్దలు చూచియున్నారు. వెట్టివాని దేహమునకు పనికి తక్కువ లేదు. కాని ఆ దేహము వానిది కాదు. 1946 జూలై 4న కడవెండిలో గుత్పలు, వడిసెలలు పట్టి నిలిచిన జనములో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు గూలెను. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన చేతిపంటను తానే కాచుకొనెను. గడీలో మూటలు మోసి వంగిన వెన్నులే గుత్ప పట్టినపుడు నిటారైనవి. అదే దేహము, అదే బలము. ఎవరి యాజ్ఞపై కదలుచున్నదన్నదే భేదము. ఈ పోలిక వైద్యశాస్త్రమునకు మించినదని ఎవరైన నందురేమో. అననిండు.

జనగామ వైపు గీతకార్మికుని చూడుడు. సర్వాయి పాపన్న కోట గట్టిన ఖిలాషాపురము ఆ సీమలోనిదే. నడుమున ముస్తాదు, మోకు ధరించి రోజునకు అనేకమార్లు తాటి నెక్కి దిగు గౌడన్న చేతి పట్టును ఏ జిమ్ము యువకుడును అందుకొనజాలడు. అరువదియేండ్ల వయస్సునను చెట్టెక్కువారు గలరు. కాని పట్టు తప్పినచో వెన్నుపూస విరుగును; విరిగిన వెన్ను కుటుంబమునంతయు మంచమున బడవేయును. 2024 జూలైలో కాటమయ్య రక్షాకవచమను పేర భద్రతా పరికరములు గీతకార్మికులకు పంచుట మొదలైనది. మంచి పని. ఎక్కువాని వయస్సు పెరుగుచుండ, అతని కాలి నిలకడను, భుజమును పరీక్షించి నేర్పువారుండుటయు అంతే యవసరమని మా మనవి. పెంబర్తి ఇత్తడి పనివారి బాధ మరియొక తీరు. నేలపై చతికిలబడి రేకుపై నగిషీ చెక్కు శిల్పికి చేయి కదలును. మెడ మాత్రము గంటలకొలది వంగియే యుండును. మా నల్లకోటు వృత్తివారికిని ఇదే తెగులు. వారి చేతినుండి కనీసము కళాఖండము వెలువడును!

భూపాలపల్లి బొగ్గుతో పెరిగిన ఊరు. కాకతీయ ఖని యను పేరుగల భూగర్భ గనులలో వంగి నడచు కార్మికుని వెన్ను నొక విధముగ, ఓపెన్‌కాస్టులో డంపరు నడపువాని వెన్ను వేరొక విధముగ దెబ్బతినును. డంపరువాడు కూర్చుండియే పనిచేయునుగదా యని తోచును. ఆ కుర్చీ షిఫ్టు పొడవునను అదరుచునే యుండును. ఆ యదురు నడుములోని పూసల నడుమనున్న మెత్తలకు జేరును. సింగరేణిలో కార్మికుల క్రీడలకు సంఘము గలదు, మైదానములు గలవు, ఆసుపత్రి గలదు. పొరుగు పట్టణములకు లేని భాగ్యమిది. కాని క్రీడలు కొందరు గెలుచుటకు. మేమడుగునది షిఫ్టు దిగిన ప్రతివాడును పదినిమిషములు వెన్ను చాచుకొను పద్ధతి. 61వ యేట పదవీవిరమణ చేసినవాడు చేతిలో సొమ్ముతోపాటు నిలువగల కాళ్లను కూడ ఇంటికి గొనిపోవలెను గదా.

ఇంక పట్టణమునకు వత్తము. 2024లో వెలువడిన యొక అంతర్జాతీయ పరిశీలన ప్రకారము 2022 నాటికి మన దేశమున వయోజనులలో దాదాపు సగముమంది చాలినంత దేహశ్రమ లేనివారు. పురుషులలో నూటికి 42, స్త్రీలలో 57. 2000 సంవత్సరమున ఈ లెక్క నూటికి 22 మాత్రమే. స్త్రీల సంఖ్య ఎక్కువగుట గమనింపుడు. ఇంటిచాకిరి యందు నిలువు కాళ్లపై నుండు ఇల్లాలి నడుము నొప్పికి "పనిలేక" యని పేరు పెట్టుట మన యిండ్లలో వాడుక. బయట నడువబోయిన చూచువారి మాటలు. లోపల చోటు లేదు. బతుకమ్మ తొమ్మిదిదినములు మాత్రము మన తల్లులు, అక్కచెల్లెండ్రు చప్పట్లతో వంగుచు లేచుచు వలయముగా తిరుగుదురు. ఎముకకు బరువు, కాలికి లయ, మనస్సునకు పాట! ఇంతకంటె మంచి కసరత్తు ఏ వైద్యుడు వ్రాయగలడు? దురదృష్టమేమనగా సంవత్సరమున మిగిలిన దినములు మూడువందల యేబదికి పైబడినవి.

కుఱ్ఱవారికై నేడు పట్టణములలో జిమ్ములు తెరువబడినవి. మేము వానికి విరోధులము గాము; ఇనుము ఎత్తుట మంచిది. కాని అద్దము ముందర భుజమును పెంచి, కాళ్లను మరచు వ్యాయామము సగము వ్యాయామము. దానితోడ డబ్బాలలో పొడులు, చాటుమాటున సూదులు వచ్చుచున్నవి. కండలు పెంచుటకై ప్రోటీను పొడులను వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార నియమములలో స్పష్టముగ జెప్పెను. పప్పు, గ్రుడ్డు, పెరుగు, రాగి, నువ్వులు మన సంతలో దొరకుచుండగా, పెరిగెడు కుఱ్ఱవాడు పేరు తెలియని సూది పొడిపించుకొనుట చూచి మౌనము వహించు తండ్రులను ఏమనవలెను?

ఎంత చేయవలెనని అడుగువారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలత సులభమైనది. వయోజనులు వారమునకు 150 మొదలు 300 నిమిషములు చురుకైన నడకవంటిది చేయవలెను. ఇదిగాక వారమునకు రెండుదినములైన కండరములకు బరువు పని చెప్పవలెను. అరువదియైదు దాటినవారు మూడుదినములు నిలకడ సాధనము కూడ చేయవలెను. పిల్లలకు రోజు కొక గంట. మనవారు నడకతో తృప్తిపడి రెండవ భాగమును విడిచిపెట్టుదురు. మోకాలు, తుంటి, వెన్ను నిలుచునది ఆ రెండవ భాగముననే. ఇందుకు యంత్రములు వలదు. కుర్చీనుండి చేతులానక పదిమార్లు లేచి కూర్చుండుడు. అదే గుంజీలకు తొలిమెట్టు. గోడకు చేతులానించి వంగి లేవుడు. అదే దండీలకు తొలిమెట్టు. మడమలెత్తి దింపుడు. దంతధావనము చేయునపుడు ఒంటికాలిపై నిలువుడు, ప్రక్కన గోడ యుండవలెను సుమా. బ్రెజిలు దేశపు వైద్యులు 51 మొదలు 75 ఏండ్ల వయస్సుగల 1,702 మందిని పరీక్షింపగా, ప్రతి ఐదుగురిలో నొకరు పదిసెకండ్లు ఒంటికాలిపై నిలువలేకపోయిరి. తరువాతి యేండ్లలో వారిలో మరణించినవారు హెచ్చు. 2022లో వెలువడిన సంగతి యిది. బరువు తగ్గించుకొనువారికి మరియొక శుభవార్త: ఒంటిలో కిలో తగ్గిన, ప్రతి యడుగునందు మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని లెక్కవేసిరి.

వయస్సు మించిపోయినదని చెప్పు పెద్దలకు ఒక్క దృష్టాంతము చాలును. 1990లో అమెరికాలో వృద్ధాశ్రమవాసులైన తొంబదియేండ్లవారికి ఎనిమిది వారములు కాళ్లతో బరువు లెత్తించిరి. పూర్తిచేసినవారు తొమ్మిదిమంది. వారి కాలి బలము సగటున 174 శాతము పెరిగినది. తొంబదిలో పెరిగినది నలుబదియైదులో పెరుగదా? గుండెజబ్బు, విరిగిన ఎముక, వాచిన కీలు గలవారు వైద్యుని యడిగి మొదలుపెట్టవలెను. మరునాటికి తగ్గు ఒళ్ళునొప్పికి భయపడనక్కరలేదు. కీలులో పొడిచినట్లు వచ్చి నిలిచిపోవు నొప్పిని లెక్కచేయక మొండికి పోరాదు.

ఇంతవరకు వ్యక్తుల విషయము. కాని ఇది వ్యక్తుల పట్టుదలకు మాత్రమే విడువదగినది కాదు. చోటు లేనిదే పట్టుదల యేమి చేయును? 2022లో రాష్ట్ర ప్రభుత్వము ఊరూర క్రీడాప్రాంగణములకు పూనుకొనెను. కబడ్డీ, ఖోఖో బరులు, ఇనుప కమ్ములు ఏర్పాటు కావలెనని తలచిరి. మేము చూచిన వానిలో కొన్ని పిల్లలతో కలకలలాడుచున్నవి. కొన్నింట బోర్డు మాత్రము నిలిచి, కమ్ముల చుట్టు తుమ్మచెట్లు మొలచినవి. నేర్పువాడు లేని చోట ఇనుప కమ్మి బట్టలారవేయుటకు పనికివచ్చును. పాఠశాలలలో ఆటల గంటను లెక్కల గంట మ్రింగివేయుట తల్లిదండ్రులందరు ఎరిగినదే; వారే కోరి మ్రింగించుచున్నారనుటయు మేమెరుగుదుము.

కావున జనగామ, మానుకోట, భూపాలపల్లి పురపాలక సంఘములను, జిల్లా గ్రంథాలయ సంస్థలను మేము కోరునది యిది. పఠనాలయ ఆవరణములో గాని, దాని చేరువ పాఠశాల మైదానములో గాని ఒక కప్పుగల చోటు చూపుడు. ఉదయము ఒక గంట పురుషులకు, ఒక గంట స్త్రీలకు, సాయంకాలము పెద్దలకు కేటాయింపుడు. వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది ఉద్యోగము లేక తిరుగు యువతీయువకులు మన జిల్లాలలో కొరతగా లేరు. వారిలో నిద్దరిని జీతమిచ్చి నియమింపుడు. ఇంటిపన్నుపై 8 పైసలు పుస్తకమునకు ఇచ్చుచున్న మనము మరి 2 పైసలు దేహమునకు ఇచ్చుటకు వెనుదీయము. అందుకు చట్టము కావలెననినచో, చిత్తుప్రతి వ్రాయు పని మావంటివారిది; రుసుము పుచ్చుకొనము. చోటు చూపిన వారమున, కుస్తీ బరికి ఎఱ్ఱమట్టి మొదటి బండి మేమే తోలించెదము, పార పట్టి చదును చేయుటకును వచ్చెదము. ఎవరెవరు తోడు వచ్చెదరో పఠనాలయపు హాజరుపట్టీలో పేరు వ్రాయ ప్రార్థన.